ఇరవై నిమిషాలకు ఆగిపోయే ట్రాక్టర్

పాత చిన్న ఇంజన్లు బాగుచేయడం నా పని. ఈ కేసును ప్రత్యేకంగా రాసిపెట్టడానికి కారణం ఉంది. బండిలో అసలు లోపం ఎప్పుడు మొదలైందో మొదటిరోజే నా కళ్ల ముందు పెన్సిల్‌తో రాసి ఉంది. నేను ఫోటో తీసుకున్నాను కానీ చదవలేదు. చదివేసరికి ఆరు వారాలు గడిచాయి. యజమాని ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బండి సీరియల్ నంబరు ఇందులో ఉండవు.

నేపథ్యం

బండి 1960ల చివర్లో తయారైన కబ్ కాడెట్ గార్డెన్ ట్రాక్టర్. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1960ల మొదటి ఏళ్ల నుంచి ఈ పేరుతో గడ్డి కోయడానికి, పెరటి మడులు దున్నడానికి పనికొచ్చే చిన్న ట్రాక్టర్లు అమ్మింది. దీనిలో ఉన్నది 10 హార్స్‌పవర్ కోలర్ కె241 ఇంజన్: ఒకే సిలిండరు, పోత ఇనుము బ్లాకు, గాలితోనే చల్లబడుతుంది. చూడ్డానికి బొమ్మ ట్రాక్టర్‌లా ఉంటుంది కానీ లోపల తీరు వేరు. ఆ రోజుల్లో చాలా గార్డెన్ ట్రాక్టర్లలో ఇంజన్ బలం బెల్టు మీదుగా గేర్లకు వెళ్లేది. దీనిలో క్లచ్, దాని వెనక షాఫ్టు, ఆ వెనక బరువైన గేర్‌బాక్స్, అచ్చం పొలం ట్రాక్టర్‌లాగే. యాభై ఏళ్లు దాటినా ఇలాంటివి బాగుచేయడానికి లొంగుతున్నాయంటే ఆ నిర్మాణమే కారణం.

దీన్ని యజమాని నాన్నగారు కొత్తగా కొన్నారట. చాలా ఏళ్లు ఆయనే నడిపారు, ఆయనే గ్రీజు పెట్టుకున్నారు, ఆయిల్ మార్చుకున్నారు. ఆయన పోయాక బండి తొమ్మిదేళ్లు షెడ్డులో ఉండిపోయింది. కొడుక్కి దాన్ని మళ్లీ నడపాలనిపించి ఇద్దరు మెకానిక్‌లకు చూపించారు. తర్వాత నా దగ్గరికి తెచ్చారు. బండితోపాటు ఒక రేకు డబ్బా కూడా తెచ్చారు. అందులో పాత కార్బురేటర్, ఒక కాయిల్, రెండు కండెన్సర్లు, నాలుగు స్పార్క్ ప్లగ్‌లు, ఒక వోల్టేజ్ రెగ్యులేటర్ ఉన్నాయి. "మా నాన్నగారు తీసిన వస్తువు ఏదీ పారేసేవారు కాదండీ, నేనూ పారేయనివ్వలేదు" అన్నారు.

ఆ డబ్బాను బల్ల మీద బోర్లించి చాలాసేపు చూశాను. పాత బండ్ల విషయంలో ఇలాంటి డబ్బా నాకు పేషెంట్ తెచ్చుకున్న మందుల చీటీల్లాంటిది. ఎవరు ఏమనుకుని ఏది మార్చారో, ఏది మార్చినా జబ్బు తగ్గలేదో అందులో తెలుస్తుంది. ఇక్కడ తెలిసింది ఏమిటంటే, అందరూ నిప్పునీ పెట్రోలునీ మాత్రమే అనుమానించారు. ఇంజన్ లోపలికి ఎవరూ వెళ్లలేదు. కనీసం ఈ డబ్బా చెప్పినంతవరకు అంతే.

వచ్చిన ఇబ్బంది

ఫిర్యాదులు రెండు. మొదటిది, తాళం తిప్పితే ఇంజన్ అర చుట్టు తిరిగి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది. రెండు బ్యాటరీలు మార్చినా ఇదే వరస. రెండోది, ఎలాగో స్టార్ట్ అయ్యాక బాగానే నడుస్తుంది కానీ గడ్డి కోస్తుంటే సుమారు 20 నిమిషాలకు నీరసించి ఆగిపోతుంది. ముప్పావు గంట చల్లారితే గానీ మళ్లీ అందుకోదు.

వీటితోపాటు ఆయనకో కోరిక ఉంది. బండిని ఒలిచి, పాత పెయింటంతా గీకి, కొత్త పసుపు తెలుపు రంగులు వేసి, షోరూం నుంచి వచ్చినట్టు చేయాలి. రంగు సంగతి చివర్లో మాట్లాడుకుందామన్నాను. రంగు వేయడమంటే బండిని ముక్కలుగా విప్పడం. విప్పిన తర్వాత రోగం ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు పోతాయి. నడిచే స్థితిలో ఉన్న బండిని, ఎంత చెడ్డగా నడుస్తున్నా సరే, కొలతలు తీసుకోకముందు విప్పకూడదన్నది నా పద్ధతి. అందుకే మొదటిరోజు ఏ బోల్టూ కదపలేదు. ప్రతి వైరు, ప్రతి స్ప్రింగు, బానెట్ లోపలి వైపు, డ్యాష్ వెనక, అన్నీ ఫోటోలు తీసుకున్నాను. బానెట్ లోపల పెన్సిల్‌తో రాసిన తారీఖులు ఒక వరసగా కనిపించాయి. ఆయిల్ మార్చిన రోజులు కాబోలు అనుకుని ముందుకు వెళ్లిపోయాను.

మొదట స్టార్టింగ్

రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే అయి ఉండాలని లేదు. పాత బండిలో సాధారణంగా ఒకటే ఉండదు కూడా. స్టార్టింగ్‌ను ముందు పట్టుకోవడానికి కారణం, అది కుదిరితేనే రెండో జబ్బును కావాల్సినన్నిసార్లు పుట్టించి చూడగలను.

ఈ బండ్లలో సెల్ఫ్ మోటారు, జనరేటర్ రెండూ ఒకటే. స్టార్ట్ చేసేటప్పుడు అది బెల్టుతో ఇంజన్‌ను తిప్పుతుంది, ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. ఇప్పటి స్టార్టర్లంత బలం దానికి ఉండదు. అందుకే కరెంటు దారిలో చిన్న అడ్డంకి ఉన్నా చతికిలపడుతుంది. బ్యాటరీ మంచిదా కాదా అని పరీక్షించి ఊరుకుంటే ఆ అడ్డంకి దొరకదు. సెల్ఫ్ కొడుతూ ఉండగా వోల్టేజ్ ఎక్కడ తగ్గిపోతోందో కొలవాలి. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస మోటారు బాడీ మీద పెట్టి తాళం తిప్పితే 1.6 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. ఎర్త్ వైరు విప్పి చూస్తే దాని కింద ఫ్రేము మీద నున్నగా పెయింటు ఉంది. ఎవరో ఆ భాగానికి రంగు కొట్టి, ఆ రంగు మీదే వైరు బిగించారు. ఇనుము మెరిసేదాకా గీకి, వైరు బిగించి, పైన గ్రీజు పూస్తే 0.2 వోల్టులకు దిగింది.

ఇంజన్ ఇప్పుడు చురుగ్గా తిరిగింది, అయినా వెనక్కి తన్నడం మానలేదు. వెనక్కి తన్నుతోందంటే పిస్టన్ పైకి చేరకముందే, చాలా ముందుగా నిప్పు పడుతోందని అర్థం. ఈ ఇంజన్‌లో నిప్పు ఎప్పుడు పడాలో నిర్ణయించే కాంటాక్ట్ పాయింట్లు బయటి వైపే ఉంటాయి, క్యామ్‌షాఫ్ట్ నుంచి వచ్చే చిన్న కడ్డీ వాటిని తోస్తుంది. పాయింట్ల మధ్య ఖాళీ పెరిగితే అవి ముందే తెరుచుకుంటాయి, నిప్పు కూడా ముందే పడుతుంది. అంటే ఖాళీని సరిచేయడం, టైమింగ్‌ను (నిప్పు పడే సమయాన్ని) సరిచేయడం దాదాపు ఒకే పని. ఉండాల్సిన ఖాళీ 20 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇక్కడ 26 ఉంది. ఖాళీని 20 దగ్గర పెట్టి ఊరుకోకుండా, ఫ్లైవీల్ మీద ఎస్ గుర్తు, దాన్ని చూడ్డానికి ఉన్న చిన్న కిటికీ మధ్యకు వచ్చినప్పుడే పాయింట్లు తెరుచుకునేలా టెస్ట్ లైటుతో సరిచూసుకున్నాను. ఆ గుర్తు పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందుంటుంది. ఫీలర్ గేజ్‌ను (సన్న ఖాళీలు కొలిచే రేకు బ్లేడ్లను) మాత్రమే నమ్ముకోకపోవడానికి కారణం, పాత ఇంజన్‌లో భాగాలు అరిగి ఉంటే ఖాళీ సరిగ్గా ఉన్నా టైమింగ్ తప్పవచ్చు.

తన్నడం ఆగింది. బ్యాటరీ కూడా ఛార్జ్ కావడం లేదని గమనించాను, అది వేరే సంగతి. రెగ్యులేటర్ మార్చినవాళ్లు ఆ తర్వాత జనరేటర్‌ను పోలరైజ్ చేయలేదు, అంటే కరెంటు సరైన దిశలో పుట్టేలా సిద్ధం చేయలేదు. ఇంజన్ ఆపి ఉంచి, రెగ్యులేటర్ మీద బ్యాటరీ కొసనూ ఆర్మేచర్ కొసనూ వైరు ముక్కతో ఒక్క క్షణం తాకించాలి. అలా తాకించగానే ఛార్జింగ్ మొదలైంది. డబ్బాలోని పాత రెగ్యులేటర్ కూడా బాగానే పనిచేస్తోందని తర్వాత తేలింది.

పనిచేయనివి

అసలు కష్టం ఇక్కడ మొదలైంది. వేడెక్కి ఆగిపోయే ఇంజన్ మీద అనుమానాలు మామూలుగా మూడు. కాయిల్ వేడికి చచ్చిపోవడం ఒకటి. ట్యాంకు మూతకు గాలి రంధ్రం మూసుకుపోయి పెట్రోలు దిగకపోవడం రెండోది. వాల్వ్‌లు సరిగ్గా మూసుకోక కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) పోవడం మూడోది. మొదటి రెండూ తేలిగ్గా చూడొచ్చు కాబట్టి వాటితోనే మొదలుపెట్టాను. అందులో తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. తర్వాత చేసిందే తప్పు.

డబ్బాలోని పాత కాయిల్ తీసి బిగించాను. సరిగ్గా 22 నిమిషాలకు ఇంజన్ ఆగింది. ఆగిన వెంటనే స్పార్క్ టెస్టర్ పెడితే నీలం నిప్పు గట్టిగా పడుతోంది. కాయిల్ మీద అనుమానం పోయింది. మర్నాడు ట్యాంకు మూత వదులుగా పెట్టి నడిపాను, మళ్లీ ఆగింది. ఆగిన క్షణంలో కార్బురేటర్ గిన్నె కింది నుంచి పెట్రోలు వదిలితే సీసాలోకి ధారగా పడింది. ఈ బండిలో పంపు లేదు, ట్యాంకు పైనుండి పెట్రోలు తనంతట తానే దిగుతుంది. దారి బాగానే ఉంది.

ఇక్కడ నేను మూడో అనుమానం దగ్గరికి వెళ్లాల్సింది. కానీ ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు వేగం ఎగుడుదిగుడుగా ఊగుతోంది, అది నన్ను కార్బురేటర్ వైపు లాగింది. బిగించి ఉన్న కొత్త కార్బురేటర్ నాసిరకంది. డబ్బాలోని అసలుదాన్ని విప్పి, సన్న దారులన్నీ శుభ్రం చేసి, థ్రాటిల్ షాఫ్ట్ అరిగినచోట బుష్ వేసి, దాన్నే తిరిగి ఎక్కించాను. మెయిన్ సూదిని పూర్తిగా మూసి రెండు చుట్లు వదిలి, ఇంజన్ బరువు లాగుతున్నప్పుడు చెవితో విని సరిచేశాను. సూదిని మూసేటప్పుడు వేళ్ల బలం చాలు. గట్టిగా బిగిస్తే సూది కొసన గాడి పడుతుంది, ఇక అది ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. ఊగడం పోయింది, ఇంజన్ శబ్దం ఎంతో హాయిగా మారింది. 21 నిమిషాలకు ఆగింది.

ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే. ఈ ఇంజన్‌లో వాల్వ్ ట్యాపెట్ల (క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంటే వాల్వ్‌లను పైకి తోసే ముక్కల) కవర్ కార్బురేటర్ వెనకే ఉంటుంది. కార్బురేటర్ నాలుగు రోజులు బల్ల మీద ఉంది. ఆ నాలుగు రోజులూ కవర్ నా ఎదురుగానే ఉంది. విప్పి ఫీలర్ గేజ్ దూర్చి చూడ్డానికి పది నిమిషాలు పట్టదు. కార్బురేటర్ పని బాగా కుదురుతోందన్న ఉత్సాహంలో ఆ పది నిమిషాలు తీసుకోలేదు.

ఇంకో పొరపాటు కూడా చేశాను. ఇంజన్ ఆగినప్పుడు కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాను. బాగా తక్కువ చూపించింది. చల్లారాక చూశాను, అప్పుడూ తక్కువే. "ఈ ఇంజన్లలో అంతేలే" అని పక్కన పెట్టేశాను. అందులో సగం నిజం ఉంది. సెల్ఫ్ తేలిగ్గా తిప్పడానికి ఈ ఇంజన్ క్యామ్‌షాఫ్ట్ మీద చిన్న ఏర్పాటు ఉంటుంది. వేగం తక్కువగా ఉన్నంతసేపు అది కంప్రెషన్ సమయంలో ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాస్త ఎత్తి పట్టుకుంటుంది, వేగం అందుకోగానే వదిలేస్తుంది. కాబట్టి సెల్ఫ్ కొట్టి కంప్రెషన్ కొలిస్తే, మంచి ఇంజన్ అయినా తక్కువే చూపిస్తుంది. నేను చేసిన తప్పేమిటంటే, ఆ గేజ్ ఏమీ చెప్పలేదని గుర్తించకుండా, కంప్రెషన్ బాగానే ఉందని చెప్పినట్టు తీసుకున్నాను.

మలుపు

ఆరో వారంలో యజమాని చూడ్డానికి వచ్చారు. బానెట్ ఎత్తి ఆ పెన్సిల్ రాతల మీద వేలు పెట్టి ఒక్కో తారీఖూ చదవసాగారు. నాన్నగారి చేతిరాత. ఎక్కువ వరసలు ఆయిల్ మార్చినవే. ప్రతి వేసవిలో రెండేసి, మూడేసి. ఒకచోట "వాల్వ్‌లు గ్రైండింగ్" అని ఉంది. దాని తర్వాతి ఏడాది ఒకే ఒక వరస. ఆ పై ఏడాదీ ఒకటే. ఆ తర్వాత ఏమీ లేదు.

నాన్నగారు ఆ చివరి ఏళ్లలో బండిని ఎందుకు తక్కువ నడిపారని అడిగాను. "వయసైపోయిందనుకున్నామండీ. బండి మధ్యలో ఆగిపోతోందని మాత్రం విసుక్కునేవారు" అన్నారు.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. బండి తొమ్మిదేళ్లు పడి ఉండడం వల్ల పాడైందని నేను మొదటినుంచీ అనుకుంటూ వచ్చాను. యజమానిని మొదటిరోజు అడిగిన ప్రశ్నలన్నీ ఆ తొమ్మిదేళ్ల గురించే. పెట్రోలు వదిలి పెట్టారా, తేమ తగిలిందా, ఎలుకలు పట్టాయా. చివరిసారి బండి నిజంగా బాగా నడిచింది ఎప్పుడు, దానికి కొద్దిముందు ఎవరేం చేశారు అని అడగనేలేదు. షెడ్డులోకి వెళ్లేనాటికే అది జబ్బుతో ఉంది.

మర్నాడు లీక్‌డౌన్ పరీక్షకు సిద్ధం చేసుకున్నాను. దీన్ని ఇంజన్ తిరగకుండా చేస్తారు కాబట్టి ఆ వాల్వ్ ఎత్తే ఏర్పాటు అడ్డురాదు. పిస్టన్‌ను కంప్రెషన్ చివర సరిగ్గా పైన నిలిపి, ప్లగ్ రంధ్రంలోంచి 80 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో గాలి పంపి, ఎంత శాతం కారిపోతోందో చూస్తాం. పిస్టన్ కాస్త అటూ ఇటూ ఉన్నా గాలి ఒత్తిడికి ఇంజన్ గిర్రున తిరుగుతుంది. క్రాంక్‌ను గట్టిగా పట్టి ఉంచాలి, చేతులు బెల్టు దగ్గర ఉండకూడదు. చల్లగా ఉన్నప్పుడు 24 శాతం కారింది. తర్వాత బండిని గడ్డిలో నడిపించి, ఆగిపోయిన రెండు నిమిషాల్లోపు మళ్లీ కొలిచాను. 60 శాతం దాటింది. ఆయిల్ కడ్డీ తీసి చెవి పెడితే చిన్న శబ్దమే, అంటే రింగులు బాగున్నాయి. కార్బురేటర్ దగ్గర నిశ్శబ్దం. పొగ గొట్టంలోంచి మాత్రం బుస్సుమని గాలి వస్తోంది. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి మూసుకోవడం లేదు.

కవర్ విప్పి కొలిచాను. చల్లగా ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ కాడకూ ట్యాపెట్‌కూ మధ్య 17 నుంచి 20 థౌ ఖాళీ ఉండాలి. ఇన్‌టేక్‌కు 8 నుంచి 10 చాలు. ఎగ్జాస్ట్‌కు అంత ఎక్కువ ఎందుకంటే, మండిన వాయువు దాని మీదుగానే బయటికి పోతుంది కాబట్టి ఆ కాడ బాగా వేడెక్కి సాగుతుంది. ఇక్కడ 4 థౌ బ్లేడు బిగుతుగా దూరింది, 5 దూరలేదు.

వాల్వ్ అరిగితే ఖాళీ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఈ ఇంజన్‌లో వాల్వ్‌లు హెడ్‌లో ఉండవు, బ్లాకులోనే పిస్టన్ పక్కన తల పైకి పెట్టి నిలబడి ఉంటాయి. వాల్వ్ ముఖం గానీ, అది ఆనుకుని మూసుకునే సీటు గానీ గ్రైండ్ చేస్తే, లేదా దెబ్బలు తిని అణిగితే, వాల్వ్ కిందికి దిగుతుంది. దాని కాడ ట్యాపెట్‌కు దగ్గరవుతుంది, ఖాళీ తగ్గుతుంది. గ్రైండింగ్ చేసినవాళ్లు ఆ తర్వాత ట్యాపెట్లు సరిచేయలేదు. ఇదే వరసలోని చిన్న ఇంజన్లలో ట్యాపెట్లకు సర్దుబాటు ఉండదు, వాల్వ్ కాడ కొసను అరగదీయాలి. కె241లో సర్దుబాటు నట్టు ఉంది. రెండు పానాలతో అయ్యే పని.

సగం మందు

ట్యాపెట్‌ను 18 థౌకు సరిచేసి నడిపాను. గంట నడిచినా ఆగలేదు. యజమాని సంతోషానికి అంతు లేదు. బండి ఇక తీసుకెళ్తానన్నారు. నేను ఇవ్వలేదు. ఆ నిర్ణయానికి కారణం వేడిగా ఉన్నప్పటి లీక్‌డౌన్. 60 నుంచి 30కి దిగింది కానీ అంతకన్నా తగ్గలేదు. సీటు పాడైందని అది చెబుతోంది. ఇంకో మూడు గంటలు నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి మళ్లీ ఖాళీ కొలిస్తే 14కు వచ్చింది. మూడు గంటల్లో 4 థౌ తగ్గిపోవడం మామూలు అరుగుదల కాదు. వాల్వ్ విపరీతంగా వేడెక్కుతూ సీటును తినేస్తోంది. ఆ వేడి ఎక్కడిదో కనుక్కోకుండా ఇచ్చేస్తే, ఒక్క వేసవి నడిచి మళ్లీ అదే జబ్బుతో తిరిగొస్తుంది.

గాలితో చల్లబడే ఇంజన్ వేడెక్కుతోందంటే గాలి దారి చూడాలి. ఈ బండిలో ఫ్లైవీల్ ఫ్యాను, దాని మీది రేకు తొడుగు డ్రైవరు వైపు, డ్యాష్‌కు ఆనుకుని ఉంటాయి. ఇంజన్ దించకుండా తొడుగు పూర్తిగా తీయడం చాలా కష్టం. నేను అంతవరకు దాన్ని తీయకపోవడానికి ఆ శ్రమే కారణం. ఫ్యాను తిరుగుతోంది, గాలి వస్తోంది, చాలనుకున్నాను.

ఇంజన్ దించి తొడుగు తీశాను. ఎగ్జాస్ట్ వాల్వ్ ఉన్న వైపు సిలిండరు ఫిన్స్ (వేడిని గాలికి వదిలే రెక్కలు) మధ్య ఒక్క సందు కూడా ఖాళీ లేదు. ఆయిల్ జిడ్డు, దాని మీద గడ్డి పొడి, దాని మీద ఎలుక గూడు, అన్నీ కాలి గట్టిపడిపోయి ఉన్నాయి. రెండో వైపు శుభ్రంగా ఉంది, నాకు తగిలిన గాలి ఆ వైపు నుంచి వచ్చింది. చెక్క పుల్లతో, బ్రష్‌తో ఫిన్స్‌ను ఒక్కొక్కటిగా శుభ్రం చేశాను. జిడ్డుకు మూలం ట్యాపెట్ కవర్ కింద చిరిగిన గాస్కెట్. అదీ మార్చాను.

హెడ్ బోల్టులు విప్పేటప్పుడు ఒకటి మొరాయించింది. బలం పెట్టలేదు. రెండు రోజులు తుప్పు వదిలించే ఆయిల్ పోస్తూ, బోల్టు చుట్టూ వేడిచేసి చల్లారనిస్తూ, బిగించే వైపు కొద్దిగా, విప్పే వైపు కొద్దిగా కదిపితే మూడోరోజు వచ్చింది. హెడ్ బోల్టు విరిగితే రెండు రోజుల ఆలస్యం రెండు వారాలవుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒకచోట కాలి ఉంది, కొత్తది వేశాను. సీటును కట్ చేసి, గ్రైండింగ్ పేస్ట్‌తో చుట్టూ ఒకే వెడల్పు బూడిదరంగు గీత వచ్చేదాకా రుద్దాను. హెడ్ కింది ముఖాన్ని మందపాటి గాజు మీద పరిచిన ఎమెరీ కాగితం మీద రుద్ది చదును చూసుకున్నాను. కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను వరస ప్రకారం మూడు విడతల్లో 30 అడుగు-పౌండ్ల దాకా బిగించాను.

ఇంజన్ బల్ల మీదే ఉంది కాబట్టి కింది పాన్ కూడా విప్పాను. ఈ ఇంజన్‌కు ఆయిల్ పంపు లేదు. కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె ఆయిల్‌ను చిమ్ముతుంది, అంతే. రాడ్ అల్యూమినియంది, క్రాంక్ మీద బేరింగు లేకుండా నేరుగా తిరుగుతుంది. ఆయిల్ ఒక్కసారి అడుగంటితే రాడ్ విరిగి బ్లాకును పగలగొడుతుంది. క్రాంక్‌పిన్‌ను, అంటే రాడ్ తిరిగే క్రాంక్ భాగాన్ని, మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిచాను. కొత్తప్పుడు ఉండాల్సిన 1.5 అంగుళాలకు అర థౌ కూడా తేడా లేదు. ఇన్నేళ్లు నడిచిన ఇంజన్‌లో ఇది చూసి ఆనందపడ్డాను. ఆ పెన్సిల్ తారీఖుల ఫలితమే ఇది. దాన్ని ముట్టుకోకుండా తిరిగి బిగించాను. రింగులు కూడా మార్చలేదు. లీక్‌డౌన్ బాగున్నాయని చెప్పిన భాగాన్ని విప్పడం నాకు ఇష్టం ఉండదు.

మిగతా పనులు మామూలువే. గేర్‌బాక్స్ ఆయిల్ నీళ్లు కలిసి పాలలా ఉంది, వదిలేసి కడిగి కొత్తది పోశాను. క్లచ్ బేరింగు మార్చాను. వైర్లలో పెచ్చులూడినవి తీసేసి అదే మందంవి వేశాను.

రంగు సంగతి

తిరిగి బిగించాక వేడిగా ఉన్నప్పటి లీక్‌డౌన్ 11 శాతం. నిండు వేగంలో రెండు గంటలు గడ్డి కోశాను, శబ్దం మారలేదు. అప్పుడు రంగు గురించి కూర్చుని మాట్లాడుకున్నాం.

వద్దని చెప్పాను. పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ఒక కారణం. ఈ బండి ఎర్త్ పోవడానికి మూలం రంగే అన్నది ఇంకొకటి. కానీ అసలు కారణం బానెట్ లోపలి రాతలు. వాటి మీద రంగు పడితే ఒక మనిషి ఆ బండిని ఎలా చూసుకున్నాడో చెప్పే ఒకే ఒక రికార్డు పోతుంది. ఈ కేసు తేలింది కూడా ఆ రాతల వల్లే. క్లచ్ పెడల్ మీద ఎడమ బూటు రాసుకుని ఇనుము మెరుస్తున్న చోటు కూడా చూపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి సరేనన్నారు. తుప్పు పట్టినచోట మాత్రం తుప్పు కడిగి, మైనం పూశాను. వంకరపోయిన ఫెండరును సరిచేశాను. దాని మీది గీతలు అలాగే ఉన్నాయి.

స్టీరింగ్‌లో ఆట ఇంకా ఉంది. లోపలి క్యామ్ అరిగింది, సర్దుబాటు బోల్టు చివరికొచ్చేసింది. మంచి స్థితిలో ఉన్న పాత భాగం దొరికేదాకా ఆగుదామనుకున్నాం. నెమ్మదిగా నడిపే బండి కాబట్టి అది ఆగగలదు. వాలు మీద మాత్రం నడపొద్దని చెప్పాను.

25 గంటలు నడిచాక బండిని తిరిగి తెప్పించుకుని, హెడ్ బోల్టుల బిగువు చూసి, ఎగ్జాస్ట్ ఖాళీ కొలిచాను. 18కి పెట్టింది 17న్నర ఉంది. అంకె చెప్పగానే యజమాని జేబులోంచి పెన్సిల్ తీశారు. బానెట్ ఎత్తి, నాన్నగారి ఆఖరి వరస కింద తారీఖు వేసి, "ఎగ్జాస్ట్ 17½, ఆయిల్ మార్చాను" అని రాసుకున్నారు.